దారం కట్టిన గ్లాసు

జూన్ 9, ఆదివారం

ఈ నోటు పుస్తకాన్ని మా చిన్నది, నా కూతురు, సగం వాడి పారేసింది. ముందువైపు దాని పాఠాలున్నాయి. నేను వెనకనుంచి రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు, తప్పులుంటాయి. ఉండనీ. చదివేది నేనే కదా.

ఈరోజు ఆయన మళ్ళీ ఆ మాట అన్నారు. అందరం అన్నం తింటున్నాం. చిన్నది తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీసింది. ఆయన ముద్ద కంచంలో వదిలేసి, "ఈ ఇంట్లో ఒక తాగుబోతు పాడీ పాడీ చచ్చాడు. ఇంకొకళ్ళు అక్కర్లేదు" అన్నారు. చిన్నది కంచం తోసేసి లేచిపోయింది. నేను మంచినీళ్ళు పోస్తూ ఉండిపోయాను.

నా కొడుకు తాగలేదు. వాడు తాగడు.

వాడి బండి లారీని గుద్దుకున్న ఆ రోజు ఆసుపత్రిలో ఆయనే ముందు లోపలికి వెళ్ళారు. బయటికొచ్చి, "వాసన వస్తోంది" అన్నారు. అంతే. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీకి వెనక దీపాలు లేవని పోలీసాయన చెబుతున్నా ఈయన చెవికెక్కలేదు. "తాగనివాడికి అంత లారీ కనపడదా" అన్నారు. ఆనాటినుంచి కొడుకు పేరు ఆయన నోట రాలేదు. తాగుబోతు అంటారు, లేదా ఏమీ అనరు.

వాసన వస్తే ఎవరో పోసి ఉండాలి. ఎవరు పోశారో కనుక్కుంటాను. చెయ్యి పట్టుకుని తెచ్చి ఆయన ముందు నిలబెడతాను. అప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

జూన్ 10, సోమవారం

ఆయన తెల్లారకముందే రొట్టెల బట్టీకి వెళ్ళిపోతారు. చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, అన్నయ్య పనిచేసిన ఆ హోటల్లో సరిగ్గా ఏం చేసేవాడని. ఇన్నాళ్ళూ పాటలు పాడతాడని మాత్రమే తెలుసు నాకు. ఇంగ్లీషు పాటలు, పాతవి, గిటార్లు అరిచేవి. నాకు అర్థమయ్యేవి కావు కాబట్టి అడగలేదు.

శనివారం శనివారం అక్కడ తిండి పాటలని పెడతారట. పాడే ప్రతి పాటలోనూ తినేదో తాగేదో ఒకటి ఉండాలి. పాట మొదలయ్యేముందు ఆ వస్తువు బల్లలన్నిటికీ వెళుతుంది. పాడేవాడు అందరూ చూస్తుండగా మొదట తాను రుచి చూస్తాడు, అప్పుడే జనం ముట్టుకుంటారు, అప్పుడే పాట. అది ఆ హోటలు పద్ధతట.

"అన్ని పాటల్లోనూ తిండి ఉంటుందా ఏంటే?"

"ఎన్ని ఉన్నాయో అమ్మా! ఒకడు పొద్దున్నే కాఫీ ముందు కూర్చుని, వెళ్ళిపోయిన పిల్లని తల్చుకుని ఏడుస్తాడు. ఒకడు రైల్లో పోతూ వాళ్ళమ్మ చేసిన ఆపిల్ పళ్ళ రొట్టె కావాలంటాడు. ఒకడు పిల్లని తేనె అంటాడు, ఒకడు పంచదార అంటాడు."

"వీళ్ళకి ఇళ్ళల్లో తిండి పెట్టరా? పాటకొచ్చి అడుక్కోవడమేంటి?"

చిన్నది నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అంతలో అడిగాను, తాగే పాటలో మరి అని. దాని నవ్వు ఆగిపోయింది.

"ద్రాక్ష సారా మీద ఉన్నాయి. బీరు మీద ఉన్నాయి. విస్కీ మీదైతే ఇంక చెప్పక్కర్లేదు."

"అప్పుడు కూడా రుచి చూడాలా?"

"పద్ధతి పద్ధతే కదమ్మా." అని ఫోను తీసుకుని అవతలి గదిలోకి పోయింది.

అయితే శనివారం శనివారం నా కొడుకు చేత జనం మధ్య తాగించారన్నమాట. ఉద్యోగమని పేరు పెట్టి.

జూన్ 12, బుధవారం

హోటలుకు వెళ్ళాను. వెనక గుమ్మంలోంచి. గిన్నెలు కడగడానికి మనిషి కావాలని తలుపుకు కాగితం అంటించి ఉంది. మాటలు కలుపుదామని వెళ్ళినదాన్ని, పనికి వచ్చానని చెప్పేశాను. నోరు దానంతటదే అబద్ధమాడింది.

ఓనరు నెత్తిమీద టోపీతో ఉంటాడు, లోపల కూడా తియ్యడు. అందరూ వెనకాల టోపీ అంటారు. "ఆంటీ, గాజు గ్లాసులు కడగడం వచ్చా? పగిలితే నాకు ఏడుపొస్తుంది" అన్నాడు. వచ్చన్నాను. పేరు అడిగాడు. మా అక్క పేరు చెప్పాను.

ఇంట్లో వంటపని దొరికిందని చెప్పాను. ఆయన ఎక్కడని కూడా అడగలేదు.

జూన్ 15, శనివారం

కాళ్ళు పీకుతున్నాయి. రెండు మాటలే రాస్తాను.

డ్రమ్ములు కొట్టే అబ్బాయి నన్ను చూశాడు. నా కొడుకు చనిపోయిన రోజు మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళినవాడు ఇతనే. గుర్తుపట్టాడు. అయినా గుర్తుపట్టనట్టు తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకు తిప్పుకున్నట్టు?

జూన్ 16, ఆదివారం

నిన్నటిది సరిగ్గా రాసుకోవాలి.

వంటింటికీ పాటల గదికీ మధ్య రెండు రెక్కల తలుపుంది. రెక్క ఊగినప్పుడల్లా కొంచెం కనిపిస్తుంది. మావాడు నిలబడే చోట ఇప్పుడు ఇంకో కుర్రాడు నిలబడుతున్నాడు. గొంతు బాగానే ఉంది. బాగుందని ఒప్పుకోవడం నాకు చేతకావట్లేదు.

తలుపుకు ఇవతల మూలన ఒక బల్ల. అక్కడ కూర్చునే పెద్దాయనే తాగేవన్నీ కలుపుతాడు. ఆయన్ని గ్లాసుల బాబాయ్ అంటారు. చేతులు సన్నగా వణుకుతాయి కానీ చుక్క కింద పడదు. పాట మారబోయే ముందు పాడే కుర్రాడి కోసం వేరే గ్లాసు నింపి, దాన్ని ఒక్కదాన్నే పళ్ళెంలో పెట్టి పంపుతాడు. ఆ గ్లాసు కాడకి ఎర్ర దారం కట్టి ఉంటుంది.

అన్ని గ్లాసులకీ లేని దారం దానికెందుకు? అందులో ఏం కలుపుతున్నట్టు?

దారం గ్లాసు నా తొట్టిలోకి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా వాసన చూశాను. టీ వాసన. విస్కీ పాటకు పంపిన గ్లాసులో టీ. మాడిన పంచదార కూడా ఉంది, నాకు తెలియదా ఆ వాసన.

నేను నమ్మను. మనిషి చచ్చాక కొత్తగా మొదలుపెట్టి ఉంటారు ఈ వేషాలు.

జూన్ 19, బుధవారం

వారం మధ్యలో అక్కడ జనం ఉండరు. గ్లాసులు తుడుస్తూ మాట కలిపాను.

"బాబాయ్, ఈ దారమేంటి?"

"అది పాటగాడి గ్లాసమ్మాయ్. బల్లల మీదకి పోకూడదు, బల్లలది వాడికి పోకూడదు."

"ఏం, వాడికి ప్రత్యేకమా?"

"వాడికి దొంగ సరుకు." నవ్వాడు. పళ్ళు తక్కువ. "విస్కీ అంటే చిక్కటి టీ, మాడ్చిన పంచదార. ద్రాక్ష సారా అంటే ద్రాక్షరసంలో నీళ్ళు. బీరైతే ఆపిల్ రసంలో సోడా, పైన గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి నురగ. మూడో వరసలో కూర్చున్నవాడి తాత కూడా పట్టుకోలేడు."

"ఎప్పటినుంచి?"

"ఈ హోటలు పుట్టినప్పటినుంచి. తాగినవాడు పాడితే తాళం తప్పుతుంది, తాళం తప్పితే డ్రమ్ముల కుర్రాడు కర్ర విసురుతాడు."

నవ్వాలి కాబట్టి నవ్వాను. అడగని మాటలన్నీ ఎంత చక్కగా చెప్పాడో. నాకు టీ పోసి, స్టూలు కూడా లాగి ఇచ్చాడు. గిన్నెలు తోమే మనిషికి స్టూలు ఎవరు లాగుతారు? ఈయన మంచితనం మీద కూడా నాకు అనుమానంగానే ఉంది.

జూన్ 20

ఈ మాట ఆయనతో చెప్పేస్తే? గ్లాసులో టీయే పోస్తారట అని?

"మరి వాసన?" అంటారు.

వాసన. నేనూ లోపలికి వెళ్ళాను కదా ఆ రోజు. నాకు మందుల వాసనే వచ్చింది. మందుల వాసనే.

జూన్ 22, శనివారం

చిన్నది ఫోనులో మాట్లాడుతూ నేను రాగానే పెట్టేసింది. ఎవరని అడిగితే స్నేహితురాలంది. అది స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మళ్ళీ మోగింది. తెర మీద వచ్చిన అక్షరాలు నేను చదువుకోగలిగినవే. డ్రమ్మర్ అన్నయ్య.

నా కడుపున పుట్టినది కూడా వాళ్ళ వైపే.

జూన్ 23, ఆదివారం

ఏమీ రాయబుద్ధి కాలేదు. రొట్టె మాడింది. ఆయన మాడినదే తిన్నారు. రొట్టెలు చేసే మనిషి మాడిన రొట్టె తిని ఏమీ అనకపోతే ఇంట్లో ఏదో పోయిందనే.

జూన్ 26, బుధవారం

దారం గ్లాసుల దారాలు జిడ్డెక్కి నల్లబడ్డాయి. కడిగినా వాసన పోవట్లేదు. కొత్తవి కట్టాలని చెప్పాను. బాబాయ్ తర్వాత చూద్దామన్నాడు.

జూన్ 30, ఆదివారం

ఇది నిన్నటి సంగతి.

నిన్న మధ్యాహ్నం ఆ దారాలన్నీ నేనే విప్పేశాను. వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, కిటికీ మీద ఆరేశాను. ఆరాక కట్టేద్దామనుకున్నాను. మురికి కనిపిస్తే ఆగలేని చేతులు నావి. అంతలో జనం వచ్చేశారు, తొట్టి నిండిపోయింది, మర్చిపోయాను. బాబాయ్ ఆ మూలన లేడు, గొడౌనులో ఉన్నాడు. పళ్ళాలు మోసేవాళ్ళే గ్లాసులు నింపుకుని, దారం లేక ఏది పాటగాడిదో తెలియక కలిపి తీసుకుపోయారు.

విస్కీ పాట మొదలయ్యేముందు కుర్రాడు గ్లాసెత్తి ఒక్క గుక్కలో పోసుకున్నాడు. టీ అనుకుని. ఇక చూడు, మొహం బీట్‌రూటులా అయిపోయింది. మైకులోకే దగ్గాడు. జనం అదీ పాటలో భాగమనుకుని చప్పట్లు. డ్రమ్ముల అబ్బాయి మాత్రం కొట్టడం ఆపేసి లేచి నిలబడ్డాడు.

బాబాయ్ తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చాడు. అలాంటి మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

"దారం ఎవరు విప్పారు?"

"నేనే. ఉతుకుదామని..."

"వాడు బండి మీద వచ్చాడా? ఎవరైనా చెప్పండి, వాడు బండి మీద వచ్చాడా?" అని అందర్నీ పట్టుకుని ఊపేస్తున్నాడు. టోపీ ఓనరు, "బాబాయ్, ఒక్క గుక్కే కదా" అంటున్నా వినడు. కుర్రాడి బండి తాళం చెవి తెప్పించుకుని తన జేబులో వేసుకున్నాడు. ఆ కుర్రాణ్ణి తానే వేరే బండిలో ఎక్కించి పంపాడు. వెనక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

ఒక్క గుక్కకి అంత భయమా? ఒకసారి కాలినవాడే అంత భయపడతాడు. నాకు అన్నీ తెలిసిపోయాయి. అప్పుడు కూడా ఇలాగే గ్లాసులు మారిపోయి ఉంటాయి. అది దాచడానికే టీ కబుర్లు, స్టూళ్ళు, నవ్వులు.

వంటింట్లో అందరూ వెళ్ళేదాకా ఆగాను. తడి చేతులతోనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ రోజు కూడా గ్లాసు మారిందా బాబాయ్?"

"లేదమ్మా."

"అబద్ధాలాడకు. నేనెవరో నీకు తెలియదు."

"తెలుసు తల్లీ. నువ్వొచ్చిన మొదటి శనివారమే డ్రమ్ముల కుర్రాడు చెప్పాడు, అమ్మ వచ్చిందని."

అంతమందికీ తెలుసు. నేనే దొంగలా తిరిగాను.

"గ్లాసు మారలేదు. నేనే పోశాను. తెలిసే పోశాను, ఈ చేత్తోనే. వాడే అడిగాడు."

"వాడు అడగడు."

"అడిగాడు తల్లీ. వాడు ఇక్కడ పాడినన్నాళ్ళూ నా టీ తాగే పాడాడు. ఒక్కనాడు నిజమైనది కావాలనలేదు. ఆ రోజు మాత్రం, అన్నీ అయిపోయి గిటారు పెట్టెలో పెట్టాక వచ్చి, ఇదిగో ఈ బల్ల మీద మోచేతులు ఆనించి, 'బాబాయ్, ఈ ఒక్కరోజు దొంగది వద్దు, అసలుది ఇవ్వు. చిన్న గ్లాసు' అన్నాడు. మొహం వెలిగిపోతోంది. అడిగినవాడి మొహం అలా ఉంటే ఎవడు కాదంటాడు? పోశాను. ఇద్దరం తాగాం."

"ఏం జరిగిందని అంత వెలుగు?"

"వాడి సొంత పాట. మొదటిసారి పాడాడు. ఓనరు ఎన్నాళ్ళో ఒప్పుకోలేదు, జనం వచ్చేది పాత పాటల కోసమే అని. ఆ రోజు ఒప్పుకున్నాడు, అందులో కూడా తిండి ఉండాలన్న షరతు మీద. రొట్టె పాట రాసుకున్నాడు. మన మాటల్లోనే. బల్లలన్నిటికీ వేడి రొట్టె వెళ్ళింది. జనం పడీ పడీ నవ్వారు. తర్వాత నవ్వడం ఆపేశారు. తర్వాత మళ్ళీ పాడమన్నారు. ఈ హోటల్లో ఎవణ్ణీ మళ్ళీ పాడమనగా నేను వినలేదు."

కొట్టాలనిపించింది. నిజం. చెయ్యి లేచింది కూడా. ఆయన తల వంచి అలాగే కూర్చున్నాడు, కొట్టమన్నట్టు. ఎత్తిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"ఒక్క గ్లాసేనా?"

"ఒక్కటే. చిన్నది. ఆ ఒక్కటి వల్లనా, లారీ దీపాల వల్లనా... నేను ఆ లెక్క తేల్చుకోలేకపోతున్నాను తల్లీ. నువ్వు తేల్చు. పోలీసుల దగ్గరికి రమ్మంటే వస్తాను. మీ ఆయన దగ్గరికి రమ్మన్నా వస్తాను."

నేను కిటికీ మీద దారాలు తీసి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

జూలై 1, సోమవారం

చిన్నదాన్ని పట్టుకుని నిలదీశాను. డ్రమ్ముల అబ్బాయి దాన్ని బతిమాలుతున్నాడట, ఆ రోజు గ్లాసు సంగతి, సొంత పాట సంగతి అమ్మకి చెప్పెయ్యి అని. దానికి ధైర్యం చాలలేదట.

"మాకెవరికీ చెప్పని పాట నీకు తెలుసా?"

"నా దగ్గరే ప్రాక్టీసు చేశాడమ్మా. మేడ మెట్ల మీద."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"అది నాన్న మీద పాట. వింటే ఇంకా మండిపడతారని."

పాటలో మాటలు చెప్పమన్నాను. చిన్నది గొంతు తగ్గించి చెప్పింది, పాడలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. ఇక్కడ రాయను. రాస్తే కాగితం మీద చచ్చిపోతుందేమో.

జూలై 3, బుధవారం

ఆలోచించాను. ఆయనకు టీ అనే చెబుతాను.

బాబాయ్ నోరు విప్పడు, నేను వద్దంటే. చిన్నది విప్పదు. దారం గ్లాసుల సంగతి చెబుతాను, టీ ఎలా కలుపుతారో చెబుతాను, అవసరమైతే చేసి చూపిస్తాను. వాసన ఎవరో ఒలకపోసినది అంటాను. బట్టల మీద పడిందంటాను. అది కూడా జరిగి ఉండొచ్చు కదా. జరిగే ఉంటుంది.

జూలై 5, శుక్రవారం

టీయే. బట్టల మీద పడింది. అంతే.

జూలై 6, శనివారం

పనికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను.

ఒక్క గ్లాసు. లారీ దీపాలు. నేనూ తేల్చలేను.

వాడు బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడ్డ తీరు కళ్ళముందు నుంచి పోవట్లేదు. నేను చూడలేదు, అయినా కనిపిస్తోంది. చిన్నప్పుడు ఏదైనా గెలిచి వస్తే వంటింటి గట్టుకు అలాగే ఆనుకుని నిలబడేవాడు, అడిగేదాకా చెప్పేవాడు కాదు.

టీ అని చెబితే ఆ నిలబడటం కూడా చెప్పకూడదు. వాడికి అంత సంతోషం కలిగిందనీ చెప్పకూడదు. మంచివాడని చెప్పడానికి సంతోషం లేనివాణ్ణి చేసి చూపించాలి. ఎవరో పోశారని వెతుక్కుంటూ వెళ్ళాను. వాడు అడిగి పోయించుకున్నాడు. అది వాడి గ్లాసు.

జూలై 7, ఆదివారం

చెప్పేశాను.

ఆదివారం బట్టీకి ఆలస్యంగా వెళతారు. చొక్కా వేసుకుంటున్నారు. టీ అని చెప్పడానికే నోరు తెరిచాను, ఒట్టు. "ఆ రోజు వాడు తాగాడండీ" అని వచ్చింది.

ఆయన చెయ్యి బొత్తాం మీద ఆగింది. "నాకు తెలియదా?" అన్నారు.

"ఒక్క చిన్న గ్లాసు. అంతకుముందెప్పుడూ లేదట. సంతోషం పట్టలేక అడిగి తాగాడట."

మళ్ళీ బొత్తాం పెట్టుకున్నారు. తప్పు కన్నంలో పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళారు. చెప్పులు వేసుకున్నారు. అటు తిరిగే, "ఏం సంతోషం?" అన్నారు.

ఇన్ని నెలల్లో వాడి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"సొంత పాట పాడాడట. జనం మళ్ళీ పాడమన్నారట."

"దేని మీద? మందు మీదేనా?"

"రొట్టె మీద. మీ మీద."

నేను పాడలేను. చిన్నది చెప్పినట్టే మాటలు చెప్పాను. మా నాన్న పిండితో మాట్లాడతాడు. లేవవే అంటాడు, బంగారం అంటాడు, తడి గుడ్డ కప్పి పడుకోబెడతాడు, చలేస్తుందేమోనని చెయ్యి పెట్టి చూస్తాడు. నేను గుమ్మంలో నిలబడితే పక్కకి జరగమంటాడు. వచ్చే జన్మలో పిండి ముద్దగా పుడతాను, మా నాన్న చేతికింద తెల్లగా పొంగుతాను.

చెబుతున్నప్పుడు తిడతారనే అనుకున్నాను. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

"జనం నవ్వారా?"

"మొదట నవ్వారట."

బట్టీనుంచి మనిషొచ్చి పిండి పొంగిపోతోంది రమ్మని వీధిలోంచి కేకేశాడు. ఈయన చెప్పులతోనే లోపలికి వచ్చి గోడవారన నేల మీద కూర్చున్నారు.

"ఇంకోసారి చెప్పు" అన్నారు.